హెడ్‌గా కఠినంగా ఉండాలా, మంచిగా ఉండాలా? ముందు పని పంపకం చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 8 నెలల క్రితం మీరు విభాగానికి హెడ్ అయ్యారు. 20 మందికి పైగా అధ్యాపకులు, 9 మంది ఆఫీసు, ల్యాబ్ సిబ్బంది ఉన్నారు. ఇద్దరు సీనియర్ ప్రొఫెసర్ల మధ్య మాటల్లేవు, మిగతావాళ్లు ఆ ఇద్దరి వెనక రెండు జట్లుగా చేరారు, ఆఫీసులో ఫైలు కదలదు, సర్క్యులర్ ఇస్తే చదివి పక్కన పెడుతున్నారు. ఇకనుంచి కఠినంగా ఉండాలా, లేక అందరితో మంచిగా ఉంటూ నెట్టుకురావాలా అన్నది మీ ప్రశ్న.

నేను 26 ఏళ్లు యూనివర్సిటీల్లో పనిచేశాను. రెండు విడతలు హెడ్‌గా, తర్వాత డీన్‌గా, చివర్లో కొంతకాలం రిజిస్ట్రార్ బాధ్యతల్లో ఉన్నాను. మీరు చెప్పిన రెండు దారుల్లోనూ నడిచి చూశాను, రెండూ ఎక్కడికీ చేర్చలేదు. హెడ్ మంచివాడా కోపిష్టివాడా అనేదానితో విభాగంలో సంబంధాలు మారడం నేను చూడలేదు. ఎవరి మీద ఎంత పని పడుతోందో అందరి కళ్లకూ కనబడినప్పుడు, ఒక నిర్ణయం ఎలా జరిగిందో అందరికీ తెలిసినప్పుడు మాత్రం మారాయి.

ముందు సర్క్యులర్ల సంగతి. హెడ్ కుర్చీకి బయటివాళ్లు అనుకునేంత అధికారం లేదు. జీతం పెంచేది మీరు కాదు, ప్రమోషన్ ఇచ్చేది మీరు కాదు, రెండు మూడేళ్లలో ఇప్పుడు మీ ఎదురుగా కూర్చున్నవాళ్లలోనే ఒకరు ఆ కుర్చీలోకి వస్తారు, మీరు మళ్లీ వాళ్ల మధ్యకే వెళ్తారు. ఇది వాళ్లకీ తెలుసు. పైగా అసలు పని తలుపు వేసుకున్న క్లాసుల్లో, ల్యాబుల్లో జరుగుతుంది, అక్కడ ఎవరు ఎంత మనసు పెడుతున్నారో ఏ సర్క్యులరూ చూడలేదు. మేనేజ్‌మెంట్ పండితుడు హెన్రీ మింట్జ్‌బర్గ్ 1979లో సంస్థల నిర్మాణం గురించి రాస్తూ యూనివర్సిటీలను, ఆసుపత్రులను ఒకే కోవలో పెట్టారు. రెండు చోట్లా పని నిపుణుల చేతుల్లో ఉంటుంది, పైనున్నవాళ్లు దాన్ని నేరుగా అదుపు చేయలేరు. అంతకు మూడేళ్ల ముందు, 1976లో, విద్యాసంస్థల్లో భాగాలన్నీ వదులుగా ముడిపడి ఉంటాయని, సంస్థల పనితీరును అధ్యయనం చేసిన కార్ల్ వైక్ చెప్పారు. ఒక కొస లాగితే రెండో కొస కదలాలని లేదు. నేను మొదటిసారి హెడ్ అయినప్పుడు సిలబస్‌ను సవరించి ఒక నెలలోపు ఇవ్వాలని గట్టిగా ఒక సర్క్యులర్ ఇచ్చాను. గడువు లోపలే అందరూ ఇచ్చారు, నాకు చాలా సంతోషమేసింది. తీరా తెరిచి చూస్తే సగానికి పైగా పాత సిలబస్సే, యూనిట్ల వరస మాత్రం అటూ ఇటూ మారింది. సర్క్యులర్‌ను ఎవరూ ధిక్కరించలేదు, కానీ పని జరగలేదు. యూనివర్సిటీలో ఆజ్ఞతో వచ్చేది ఇంతవరకే. ఆ పైన వచ్చేదంతా మనుషులు ఇష్టపడి ఇచ్చేది, ఆ ఇష్టాన్ని చంపేది ఎక్కువ పని కాదు, అన్యాయంగా పడిన పని.

అందుకే నా మొదటి సలహా, పని పంపకాన్ని ఒక పట్టికగా బయట పెట్టండి.

ఇది వినడానికి చాలా చిన్న విషయంలా ఉంటుంది, కానీ దీని మీద నాకున్న నమ్మకం ఇంకే పద్ధతి మీదా లేదు. నేను హెడ్ అయిన మొదటి ఆరు నెలలు ఐకమత్యం గురించి మీటింగులు పెట్టాను, ఒక్కొక్కరినీ గదికి పిలిచి మాట్లాడాను, ఎవరికి వాళ్లు "నేనే ఎక్కువ చేస్తున్నాను సార్" అన్నారు. అబద్ధం చెబుతున్నారని కాదు, ఎవరి పని వాళ్లకే కనిపిస్తుంది కదా, పక్కవాళ్ల పని కనబడే మార్గమే లేదు. ఆ తర్వాత ఒక సెమిస్టర్ మొదట్లో పట్టిక వేశాను. క్లాసుల గంటలు, ల్యాబ్ గంటలు, ఎంతమంది విద్యార్థులు, ఎన్ని ప్రాజెక్టులు, ఎంతమంది పరిశోధక విద్యార్థులు, ఇన్విజిలేషన్ డ్యూటీలు, పేపర్ల వాల్యుయేషన్, ఏ కమిటీలు, టైమ్‌టేబుల్ ఎవరు వేస్తారు, గుర్తింపు తనిఖీలకు ఫైళ్లు ఎవరు తయారు చేస్తారు, అన్నీ రాశాను. ఎవరి వరుస వాళ్లనే నింపమన్నాను, తప్పుంటే దిద్దుకోవడానికి వారం ఇచ్చాను, అప్పుడే అందరికీ పంపాను. రెండు వారాలు పెద్ద రభసే జరిగింది. 120 మంది ఉన్న క్లాసుకూ 15 మంది క్లాసుకూ అదే మూడు గంటలు ఎలా రాస్తారని ఒకరు, మొదటిసారి చెబుతున్న కోర్సుకు తయారవడానికి పట్టే సమయం ఏ కాలమ్‌లో ఉందని ఇంకొకరు అడిగారు. ఆ గొడవ జరగనివ్వండి. ఆ విభాగంలో అన్నేళ్లలో మొదటిసారి జనం ఒకరి గురించి ఒకరు కాకుండా, పని గురించి పోట్లాడుకున్నారు. చివరికి పెద్ద క్లాసుకు, కొత్త కోర్సుకు ఎంత ఎక్కువ లెక్క వేయాలో వాళ్లే తేల్చారు.

పట్టిక వచ్చాక తెలిసిందేమిటంటే, ఎప్పుడూ ఎక్కువగా ఫిర్యాదు చేసే ఒకాయన పని సగటు కంటే తక్కువ, ఎప్పుడూ నోరెత్తని ఒకావిడ చేతిలో నాలుగు కమిటీలు, టైమ్‌టేబుల్, హాస్టల్ విద్యార్థుల కౌన్సెలింగ్ ఉన్నాయి. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. ప్రతిసారీ మీటింగులో "ఎవరు చేస్తారు?" అని అడిగినప్పుడు అందరూ తలలు దించుకుంటే ఆ నిశ్శబ్దం భరించలేక ఆమె సరే అనేది. ఇది ఒక్క చోటి కథ కాదు. ఆర్థికవేత్త లిండా బాబ్‌కాక్, ఆమె సహచరులు 2017లో ప్రచురించిన పరిశోధనలో ఇదే తేలింది. పేరూ ప్రమోషనూ తెచ్చిపెట్టని పనులకు మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి ఉన్న బృందాల్లో ఆడవాళ్లు ఎక్కువగా ముందుకొచ్చారు, ఆ పనులు చేసిపెట్టమని అడిగేవాళ్లు కూడా వాళ్లనే ఎక్కువగా అడిగారు. అందరూ మగవాళ్లే ఉన్న బృందాల్లో మాత్రం మగవాళ్లే ముందుకొచ్చారు. అంటే సమస్య స్వభావంలో లేదు, అడిగే పద్ధతిలో ఉంది. కాబట్టి మీటింగులో "ఎవరు చేస్తారు?" అని అడగడం ఈ రోజే మానేయండి. వంతులు వేయండి, వంతు ఎవరిదో పట్టికలో ముందే రాసి ఉంచండి.

ఇక ఆ ఇద్దరు సీనియర్ల సంగతి. వాళ్లను కలపడానికి ప్రయత్నించకండి. మీకు వింతగా అనిపించవచ్చు, కానీ ఏళ్ల తరబడి మాట్లాడుకోని 50 ఏళ్లు దాటిన ఇద్దరిని ఒక గదిలో కూర్చోబెట్టి చేతులు కలిపించడం హెడ్ పని కాదు, అది ఇంకా బెడిసికొడుతుంది. నేను డీన్‌గా ఉన్నప్పుడు ఇలాంటి జంట ఒకటి ఉండేది, 11 ఏళ్లుగా మాటల్లేవు. కారణం ఏమై ఉంటుందా అని పాత ఫైళ్లు తీయించాను. సిద్ధాంత భేదాలూ లేవు, పెద్ద అవమానమూ లేదు, ఒక ల్యాబ్ గదిని ఒకరి నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చిన రెండు వాక్యాల ఉత్తర్వు ఉంది. ఎందుకు ఇస్తున్నారో అందులో ఒక్క ముక్క లేదు. గది పోగొట్టుకున్నాయన ఎదుటివాడు వెనక నుంచి కథ నడిపాడనుకున్నారు, గది వచ్చినాయనకు తను అడగని గది కోసం మాట పడాల్సి వచ్చింది. చిలికి చిలికి గాలివాన అయింది. ఆ ఉత్తర్వు రాసిన అధికారి ఎప్పుడో రిటైరయ్యారు. నేను ఆ ఫైలు ఇద్దరికీ విడివిడిగా చూపించాను. వాళ్లు స్నేహితులు కాలేదు గానీ, ఆ తర్వాత ఒకరు పంపిన కాగితం మీద ఇంకొకరు సంతకం పెట్టడానికి వారాలు పట్టేది కాదు. నాకు కావలసింది కూడా అంతే.

మీరు వెంటనే చూడాల్సింది ఆ ఇద్దరిని కాదు, వాళ్ల మధ్య నలిగిపోయేవాళ్లను. ఒక గైడ్ దగ్గర చేరిన పాపానికి రెండో ఆయన ల్యాబ్‌లో పరికరం వాడుకోలేని పరిశోధక విద్యార్థి, ఎవరి పక్కన కూర్చుంటే ఎవరికి కోపమొస్తుందోనని టెన్షన్ పడే కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్, వీళ్లు మీ దగ్గరకు వచ్చి చెప్పరు. ఆ విద్యార్థి ఏడాది ఆలస్యంగా థీసిస్ ఇస్తాడు, ఆ కొత్త టీచర్ నిశ్శబ్దంగా ఇంకో చోటికి అప్లై చేసుకుంటుంది, కారణం ఏ రికార్డులోనూ పడదు. అందుకే పరికరాల వాడకానికి ఒక బుకింగ్ రిజిస్టర్ పెట్టండి, ల్యాబ్ తాళం వ్యక్తి దగ్గర కాకుండా ఆఫీసులో ఉండేలా చూడండి, పరిశోధన కమిటీల్లో సభ్యులను వంతుల ప్రకారం వేయండి. ఇంకో మాట. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే పని మాత్రం ఎప్పుడూ చేయకండి, "ఆయనతో మీరే చెప్పండి" అని ఎవరన్నా సరే. ఒక్కసారి మోశారంటే మీరు మూడో జట్టు అవుతారు.

ఆఫీసు సిబ్బంది గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, "ఫైళ్లు కదలవు" అని. నా దృష్టిలో మీ ప్రశ్నలో అతి ముఖ్యమైన వాక్యం అదే.

హెడ్లు మారుతూ ఉంటారు, సూపరింటెండెంట్ 15 ఏళ్లుగా అదే కుర్చీలో ఉంటారు. విభాగం జ్ఞాపకశక్తి అంతా ఆ టేబుల్ దగ్గరే ఉంటుంది, ఏ కోర్సుకు ఏ సంవత్సరం అనుమతి వచ్చింది, ఏ బిల్లు ఎందుకు వెనక్కి వచ్చింది, ఏ ప్రొఫెసర్ సంతకం ఎక్కడ తప్పుగా పడింది, అన్నీ. అలాంటి మనిషి నెమ్మదిగా పనిచేస్తున్నారంటే బద్ధకమని ముందే తీర్మానించకండి, నేను చూసినంతలో ఎక్కువసార్లు అది భయం. నేను కొత్తగా వచ్చిన ఒక చోట కొనుగోలు ఫైళ్లు నెలల తరబడి ఆగేవి. ఆ గుమస్తా గారి దగ్గర గంటసేపు కూర్చుంటే అసలు విషయం బయటపడింది. కొన్నేళ్ల క్రితం ఒక ప్రొఫెసర్ నోటిమాట మీద నమ్మకంతో ఆయన ఒక బిల్లు పాస్ చేశారు, ఆడిట్‌లో అభ్యంతరం వచ్చింది, ఆ ప్రొఫెసర్ "నేనలా చెప్పలేదు" అన్నారు. గుమస్తా గారికి మెమో వచ్చింది, ఇంక్రిమెంట్ ఆగింది. అప్పటినుంచి ఆయన ప్రతిదీ రాతపూర్వకంగా అడుగుతారు, అడిగితే మొండివాడంటారు. నేను చేసిందల్లా ప్రతి ఫైలు మీద "నా ఆదేశం మేరకు" అని నా చేత్తో రాసి తేదీ వేసి సంతకం పెట్టడం, ఒకసారి ఆడిట్ వాళ్లు ప్రశ్నిస్తే ఆయన్ని పంపకుండా నేనే వెళ్లి జవాబు చెప్పుకోవడం. ఆ తర్వాత ఫైలు మూడు రోజులకు మించి ఆగడం నేను చూడలేదు.

అధ్యాపకులు వాళ్లతో మాట్లాడే తీరు కూడా గమనించండి. నిన్నగాక మొన్న చేరిన 30 ఏళ్ల లెక్చరర్, 55 ఏళ్ల అటెండర్‌ను "ఏయ్, ఇలా రా" అని పిలుస్తుంటే మిగతావాళ్లు విననట్టు ఊరుకుంటారు. మీరు ఊరుకోకండి. నలుగురిలో మందలించకండి, పక్కకు పిలిచి చెప్పండి, మీరు మాత్రం అందరి ముందూ ఆ అటెండర్‌ను "గారు" అనే పిలవండి. అలాగే తేదీలు నిర్ణయించే మీటింగులకు ఆఫీసు నుంచి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. పరీక్ష ఫలానా రోజు పెడదామని ప్రొఫెసర్లు తీర్మానించేస్తారు, ప్రశ్నపత్రాల ముద్రణకు, హాల్‌టికెట్లకు, గదుల సర్దుబాటుకు ఎన్ని రోజులు కావాలో తెలిసిన మనిషిని అడగరు. తర్వాత ఆలస్యమైందని ఆ మనిషినే తిడతారు.

నిర్ణయాల దగ్గరకు వద్దాం. ప్రతిదానికీ అందరినీ అడగాలా అని మీకు సందేహం రావచ్చు. 1997లో యునెస్కో ఉన్నత విద్యా బోధకుల హోదా గురించి ఆమోదించిన సిఫార్సులో సంప్రదింపులను, అంతర్గత నిర్ణయాల్లో సంబంధిత వ్యక్తుల భాగస్వామ్యాన్ని సమష్టి పాలనలో భాగంగానే చెప్పారు. కాబట్టి అడగడం మీ దయ కాదు, యూనివర్సిటీ పనితీరులో ఉండాల్సిన విషయమే. అయితే ఉత్తుత్తి సంప్రదింపు మాత్రం చేయకండి. ముందే నిర్ణయం అయిపోయిన విషయాన్ని మీటింగులో పెట్టి అభిప్రాయాలు అడిగితే, నిర్ణయం తమకు నచ్చినవాళ్లు కూడా మిమ్మల్ని నమ్మడం మానేస్తారు. అయిపోయిందైతే అయిపోయిందని చెప్పండి, ఎందుకో చెప్పండి. తమ మాట నిజంగా విన్నారని, అందరికీ ఒకే కొలత వాడారని నమ్మకం కుదిరితే జనం తమకు నష్టం కలిగించే నిర్ణయాన్ని కూడా ఒప్పుకుంటారు, ఇది నేను గదుల కేటాయింపులో, కోర్సుల పంపకంలో ఎన్నోసార్లు చూశాను. మీటింగ్ మినిట్స్ రెండు రోజుల్లో ఒక్క పేజీలో వెళ్లాలి. ఎవరు, ఏ పని, ఏ తేదీలోగా. ఎవరేం వాదించారో అక్కర్లేదు.

ఇవన్నీ మొదలుపెట్టాక మిమ్మల్ని ఒక విషయం భయపెట్టవచ్చు, ముందే చెబుతున్నాను. ఫిర్యాదులు పెరుగుతాయి. సంస్థల్లో బృందాల పనితీరును అధ్యయనం చేసే ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించి 1996లో రాసిన వ్యాసం ప్రకారం, బాగా నడిచే నర్సింగ్ బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ తప్పులు ఎక్కువ జరిగాయనుకోవడం కంటే, అక్కడివాళ్లు భయం లేకుండా చెప్పగలిగారు అనుకోవడమే సరిపోయింది. విభాగంలోనూ అంతే, ఎవరూ ఏమీ చెప్పని చోట అంతా బాగుందని అర్థం కాదు. మీ తలుపు తట్టేవాళ్లు పెరిగితే పని మొదలైందని లెక్క.

పైనుంచి వచ్చే ఆదేశాల విషయం క్లుప్తంగా. "పై నుంచి వచ్చింది, నేనేం చేయను" అని ఫార్వర్డ్ చేయడం చాలామంది హెడ్లకు అలవాటు. రెండుసార్లు అలా చేస్తే మీరు పోస్ట్‌మ్యాన్ అవుతారు. చదవండి, విభాగానికి అందులో ఏది వర్తిస్తుందో మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి, పనికిరాని భాగం ఉంటే పైకి లిఖితంగా చెప్పండి. ఒప్పంద అధ్యాపకులను కూడా మీటింగులకు పిలవండి, సగం క్లాసులు వాళ్ల చేతిలో ఉంచుకుని వాళ్లకే సిలబస్ మార్పు చివరిగా తెలియడం చాలా బాధాకరం.

కఠినంగా ఉండాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. పరీక్షల్లో అవకతవకలు, డబ్బు వ్యవహారం, వేధింపులు. ఈ మూడింట్లో "మనలో మనం సర్దుకుందాం" అనే మాట మీ నోట రాకూడదు. నేను ఒక తప్పు చేశాను, ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఒక పరిశోధక విద్యార్థిని తన గైడ్ ప్రవర్తన మీద ఫిర్యాదుతో వచ్చింది. విభాగం పరువు, ఆ అమ్మాయి చదువు, రెండూ కాపాడుతున్నాననుకుని గైడ్‌ను మార్చి విషయం అక్కడితో ముగించాను. వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీకి పంపలేదు. ఆ అమ్మాయి మూడు నెలల్లో చదువు మానేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత తెలిసింది, అంతకు ముందూ ఇద్దరు ఉన్నారని, వాళ్లకూ ఎవరో ఇలాగే సర్దిచెప్పారని. అలాంటి ఫిర్యాదు మీ దగ్గరకు వస్తే అదే రోజు రాతపూర్వకంగా సంబంధిత కమిటీకి పంపండి, ఫిర్యాదు చేసిన మనిషికి ఒక ప్రతి ఇవ్వండి, ఎవరెంత సీనియర్ అయినా సరే. మిగతా సిబ్బంది ఇది చూస్తారు, మీరు పెట్టే వంద మీటింగుల కంటే వాళ్లకు ఇదే గుర్తుంటుంది.

మీకు ఇంకా ఏడాదో ఏడాదిన్నరో పదవీకాలం ఉంటుందనుకుంటున్నాను. సోమవారం ఉదయం సూపరింటెండెంట్ గారి టేబుల్ దగ్గరకు మీరే వెళ్లండి, గదికి పిలిపించుకోకండి. ఆగిపోయిన ఫైళ్లలో అన్నిటికంటే పాతది ఏదో అడిగి, అది ఎందుకు ఆగిందో పూర్తిగా వినండి, మధ్యలో మాట్లాడకండి. అది కదిలాక పట్టిక మొదలుపెట్టండి, మొదటి వరుసలో మీ పేరు, మీ గంటలు మీరే రాయండి. హెడ్ అయ్యాక మీరు తగ్గించుకున్న క్లాసులు ఏమైనా ఉంటే అవీ అందులో ఉండాలి, ఎందుకంటే అందరూ మొదట చూసేది ఆ వరుసే.